ఇందిర పంతం, సిత్రాన్ కారు

కోరుట్లలో ఎవరిని అడిగినా ఇందిరంత నెమ్మదైన మనిషి లేదనే అంటారు. రైస్ మిల్లు అర్జున్ రావు భార్య ఆమె. ఇంటికొచ్చిన వాళ్లను చాయ్ తాగించకుండా పంపదు. మొగుడు నలుగురిలో తన మీద పరాచికమాడినా నవ్వి ఊరుకుంటుంది. పాము పగ పన్నెండేళ్లంటారు. ఇందిర పగ అంతకు రెండింతలకు పైనే బతికింది. అదీ ఒకే కప్పు కింద, ఆ మొగుడికే రెండు పూటలా అన్నం వడ్డిస్తూ.

అదంతా ఒక కారు దగ్గర మొదలైంది.

అర్జున్ రావు తండ్రి ఆ రోజుల్లో హైదరాబాదులో ఒక నవాబు కుటుంబం దగ్గర కొన్న కారు అది. ఫ్రాన్సు కంపెనీ సిట్రోయెన్. ఊరందరి నోట్లో నానీ నానీ సిత్రాన్ అయింది. నల్లటి రంగు, పొడుగు మూతి, నేలకు ఆనుకున్నట్టు కూర్చునే ఒళ్లు. ముక్కు మీద ఒకదానిపైన ఒకటి బోర్లించిన రెండు బాణాల గుర్తు. ముందు తలుపులు అన్ని కార్లలా కాక ఎదురు దిక్కుకు తెరుచుకునేవి. గేరు కర్ర డాష్‌బోర్డులోంచి పొడుచుకొచ్చి ఉండేది. అర్జున్ రావుకు ఆ కారంటే ప్రాణం. నిజం చెప్పాలంటే దాని గురించి చెప్పుకోవడమంటే ప్రాణం. "గా కాలంల అన్ని కార్లను ఎన్క చక్రాలు నూకేటివి. దీన్ని ముందు చక్రాలు గుంజుతయి, ఎడ్లు బండిని గుంజినట్టు," అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు.

ఇందిరది ఎల్లంతకుంట. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి నర్సింగ్ రావుకు ఆమె ఒక్కతే బిడ్డ. కాళ్లు సరిగా అందని వయసులోనే పొలం బాటల్లో జీపు స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. "క్లచ్చు మీద కోపం జూపకు బిడ్డా, అదేం పాపం చేసింది?" అని పక్కన కూర్చుని నవ్వేవాడు. మగపిల్లాడిలా పెంచుతున్నావని ఊళ్లో అంటే, "మొగపిలగాని లెక్క ఎందుకు, నా బిడ్డ లెక్క పెంచుతున్న," అనేవాడు. పెళ్లై కోరుట్లకు వచ్చాక ఆమె మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఈ ఇంటి ఆడవాళ్లు వెనక సీట్లో కూర్చుంటారని అత్తగారు మొదటి వారమే చెప్పింది.

పెళ్లైన మూడో ఎండాకాలం. ఆ రోజు బంద్. అప్పట్లో అడవిలోంచి నక్సలైట్ల బంద్ పిలుపొస్తే బస్సు కాదు, సైకిలు కూడా రోడ్డెక్కేది కాదు. పొద్దున్నే ఎల్లంతకుంట నుంచి ఫోన్ వచ్చింది. నర్సింగ్ రావు పొలంలో మోటరు దగ్గర గుండె పట్టుకుని పడిపోయాడు. దవాఖానకు తీసుకుపోదామంటే బండి కదలదు. బిడ్డను అడుగుతున్నాడు.

ఇందిర పోయి మొగుడి ముందు నిలబడింది. "కారు తియ్యుండ్రి. మా నాయిన దగ్గరికి పోదాం."

"బంద్ నాడు కారు బయటికి తీస్తే ఊకుంటరా? రాళ్లేస్తరు," అన్నాడు అర్జున్ రావు.

"మీరు రాకుంటే రాకుండ్రి. నేను నడుపుకుంట పోత. లోపటి తొవ్వల పోత, ఎవ్వలకు కనవడ."

"అద్దం పలిగితే మల్ల యాడ దొర్కుతది? ఫ్రాన్సుల సుత దొర్కది గది!"

ఆమె ఆయన కాళ్లు పట్టుకుంది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కుని, తాళంచెవి తీసి లాల్చీ జేబులో వేసుకున్నాడు.

పొద్దు వాలే వేళకు బంద్ సడలింది. వంటింట్లో ఉన్న ఇందిరకు ఇంజిన్ చప్పుడు వినిపించింది. మొగుడి మనసు మారిందేమోనని చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. అర్జున్ రావు ఇద్దరు దోస్తులను ఎక్కించుకుని జగిత్యాల క్లబ్బుకు పేకాటకు పోతున్నాడు. ఆమెను చూసి చేయి ఊపాడు కూడా. కారు లేపిన దుమ్ము కుదురుకునే దాకా ఆమె గేటు పట్టుకుని నిలబడే ఉంది.

మర్నాడు మొదటి బస్సులో, వేములవాడ రాజన్నకు కోడెను కట్టే మొక్కులకు పోయే జనం మధ్య నిలబడి వెళ్లింది. సిరిసిల్లలో ఇంకో బస్సు ఎక్కింది. చేరేసరికి అంతా అయిపోయింది. "ఎండలు బిడ్డా, ఆపలేకపోయినం," అన్నాడు కొరివి పెట్టిన చిన్నాయన. వాగొడ్డున బూడిద ఇంకా వెచ్చగా ఉంది. ఆమె అందులో చేయి పెట్టి చూసింది.

దినాలు అయ్యాక కోరుట్లకు తిరిగొస్తే అర్జున్ రావు ఓదార్పుగా అన్నాడు: "మంచి సావు. మంచాన వడలే, ఎవ్వలతోని చేయించుకోలే."

ఇందిర ఆయన కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి పోయింది. ఏడవలేదు, అడగలేదు. పోదామంటే పుట్టిల్లు లేదు. ఆ రోజు మనసులో ఒకే ఒక్క మాట పెట్టుకుంది. ఇతనికి ప్రాణమైనది ఏదో ఒకనాడు నా చేతికి చిక్కుతుంది. ఆ నాడు చెప్తాను.

తర్వాత ఆ కారులో అడుగు పెట్టలేదు. పెళ్లిళ్లకు పేరంటాలకు పోవాల్సి వస్తే కడుపునొప్పి అనో, బయట ఉన్నాననో తప్పించుకునేది. మరుసటి ఏడే మెట్‌పల్లి రోడ్డు మీద కారు ముందు చక్రం ఇరుసు విరిగింది. బాగు చేసేవాడు దొరకలేదు. ట్రాక్టరుతో మల్లాపూర్‌లోని తమ మామిడితోటకు గుంజుకుపోయి పశువుల కొట్టంలో పడేశారు. అర్జున్ రావు మారుతి కొన్నాడు, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. కబుర్లు మాత్రం సిత్రాన్ గురించే. బిడ్డ సంజన పుట్టింది, చదువుకుంది, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగంలో చేరింది. కాలం అట్లా గడిచిపోయింది.

మొన్నామధ్య పెద్ద వానలు పడ్డ ఏడు మల్లాపూర్‌లో కొట్టం కప్పు కూలింది. మరుసటి ఎండాకాలం ఆ చోట కాయలు మగ్గబెట్టే షెడ్డు వేద్దామని అర్జున్ రావు పాత ఇనుము కొనేవాళ్లను పిలిపించాడు. తోటలో కాయ తెంపించడానికి వచ్చిన ఇందిర అటు పోయేసరికి వాళ్లు గ్యాసు కట్టరు ముట్టిస్తున్నారు.

కారును చూడగానే ఆమె కాళ్లు ఆగిపోయాయి. వెనక సీటు కోళ్ల పాలైంది. ఒక లైటు గుంతలో కందిరీగలు గూడు కట్టాయి. అడుగు రేకును తుప్పు తినేసి లోపలినుంచి నేల కనిపిస్తోంది. పెంకులు పడి కప్పు సొట్టబోయింది. కానీ ముందు అద్దం ఉంది. చిన్న గీత కూడా పడకుండా, దుమ్ము కింద నిక్షేపంలా ఉంది. ఆ అద్దాన్ని చూస్తూ ఉంటే అన్నేళ్ల కిందటి మాట చెవిలో మళ్లీ మోగింది.

"ఆగుండ్రి," అంది కట్టరు వాళ్లతో. మొగుడివైపు తిరిగింది. "గిది నాకియ్యుండ్రి."

అర్జున్ రావు పకపకా నవ్వాడు. "ఏం జేస్తవే దీన్ని? తులసిచెట్టు పెట్టుకుంటవా?"

"ఏదో జేసుకుంట."

"తీస్కపో. ఇగ నీదే. ఇనుండ్రిరా, ఇయ్యాల్టి సంది గిది ఇందిర కారు!" కట్టరు వాళ్లు కూడా నవ్వారు.

నవ్వుతూనే బండి కాగితాలు ఆమె పేరు మీదికి మార్పించాడు. ఆ సంగతి కూడా ఒక జోకులా క్లబ్బులో చెప్పుకున్నాడు. ఆమె మాత్రం ఆ రోజే లెక్క ఖాయం చేసుకుంది. కారును మళ్లీ నడిపించాలి. అర్జున్ రావు దాని చుట్టూ తిరగాలి, ఆశ పడాలి. అప్పుడు ఆయన కళ్లముందే తీసుకుపోయి కాకతీయ కాలువలోకి తోసేయాలి.

ఇంటి వెనక పాత వడ్ల కొట్టులో కారును దింపించింది. మిల్లు షాఫ్టులకు సిరిసిల్లలో లేతు పని చేసిపెట్టే మహిపాల్‌కు కబురు పెట్టింది. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే ఇంట్లో పుట్టి, ఆ సాంచెల సామాన్లు తయారుచేస్తూ స్థిరపడ్డవాడు. వచ్చి కారు చుట్టూ తిరిగి తల గోక్కున్నాడు.

"సాంచె రిపేరంటే వేరు అమ్మా. గిసొంటిది నేనెన్నడు జూడలే."

"నేను సుత జూడలే. ఇద్దరం గల్సి జూద్దాం."

ఇంజిను బిగుసుకుపోయి రాయిలా ఉంది. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో డీజిలు, కిరోసిను కలిపి పోశారు. ఇందిర రోజూ వంట ముగించి, గాజులు తీసి కిటికీలో పెట్టి, పెద్ద పానాతో ఇంజిను తిప్పి చూసేది. కదిలేది కాదు. మళ్లీ పోసేది. పానా మీద బరువంతా వేసి తోస్తున్నప్పుడు ఆమెకు లాల్చీ జేబు కనిపించేది, జేబులోకి జారిన తాళంచెవి కనిపించేది. ఆ బలంతోనే ఇంకొంచెం తోసేది. వర్షాలు తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇంజిను బొటనవేలంత మేర జరిగింది. ఇందిర నేల మీద చతికిలబడి నవ్వింది. ఆ నవ్వులో సంతోషం ఉందో లేదో గానీ, గెలుపు మాత్రం ఉంది.

సంజన ఫోనులో వీడియోలు పంపేది. ఫ్రాన్సులో ఎవరో ముసలాయన ఇదే కారును విప్పి బిగించే వీడియోలు. ఆయన మాట ఒక్కటీ ఇందిరకు అర్థం కాదు. ఆయన చేతులు చూసి నేర్చుకుంది. బ్రేకుల రబ్బర్లు, బేరింగులు బిడ్డే బయటి దేశం నుంచి తెప్పించింది. "అమ్మా, నీకు గింత పిచ్చి ఎప్పటి సంది?" అని అడిగితే, "మొదటి సందె," అంది ఇందిర.

పని సాఫీగా ఏమీ సాగలేదు. అడుగు రేకులు అతికించడానికి ట్రాలీలు చేసే వెల్డరు వచ్చాడు, ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం చేసి పోయాడు. తలుపులు మూతపడలేదు. అంతా కోయించి మళ్లీ చేయించాల్సి వచ్చింది. మహిపాల్ ముందు చక్రాల ఇరుసుకు లేతు మీద తిప్పి తెచ్చిన బుష్ మరీ బిగువై, మొదటిసారి ట్రాక్టరుతో గుంజి చూస్తే గేటు దాకా పోయేలోపే పొగలు కక్కింది. "తప్పు నాదే అమ్మా," అన్నాడు మొహం వేలాడేసుకుని. "నాది సుత. తొందర పెట్టింది నేనే గద," అంది. అరచేతి గీతల్లోకి దిగిన గ్రీజు చింతపండుతో తోమినా పోలేదు. ఒకరోజు అర్జున్ రావు కంచం ముందు కూర్చుని ముక్కు చిట్లించాడు.

"అన్నం గ్రీజు వాసనొస్తున్నది. వంట మనిషిని పెట్టుకోరాదు?"

"గట్లనే," అంది. పెట్టలేదు. ఆ వాసనే తినిపించింది.

ఇంజిను మొదటిసారి అంటుకున్న రోజు మహిపాల్ ముందు నిలబడి చేతి హ్యాండిలు తిప్పుతున్నాడు. ఇందిర లోపల కూర్చుంది. హ్యాండిలు ఎదురు తన్ని ఒకసారి అతని మణికట్టు పట్టేసింది. సైలెన్సరు ఢాం మంది. ఇంకోసారి తిప్పాడు. ఇంజిను దగ్గింది, తూలింది, ఆ తర్వాత దడదడమని నిలదొక్కుకుంది. వరండాలో పేపరు చదువుతున్న అర్జున్ రావు బనీను మీదే ఉరికొచ్చాడు. కొట్టు గుమ్మంలో ఆగిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు.

"మా నాయిన అచ్చినట్టే ఉన్నది ఇందిరా," అన్నాడు.

ఆ మాట ఆమె గుండెలో సలాకీలా దిగింది. నీ నాయిన ఈ చప్పుడులో తిరిగొచ్చాడు. నా నాయినను చూడడానికి మాత్రం ఈ చప్పుడు రాలేదు. ఇంజిను ఆపి, దిగి, చాయ్ పెట్టడానికి పోయింది.

రంగు వేసి, సీట్లు కుట్టించి, బండి రోడ్డెక్కేసరికి ఇంకో ఎండాకాలం వచ్చింది. ఒక పొద్దున ఇందిర ఒక్కతే కారు తీసుకుని కాలువ కట్ట మీదికి పోయింది. అనుకున్న పని ఎక్కడ చేయాలో, ఎట్లా చేయాలో చూసుకుందామని. నీళ్లు కట్ట తన్ని పారుతున్నాయి. స్టీరింగు మీద చేతులు పెట్టి చాలాసేపు చూసింది. ఆ గేరు కర్ర మీది తుప్పు గీకింది తను. ఆ తలుపు సందు సరిచేసింది తను. కాలువలోకి తోస్తే పోయేది తన రెక్కల కష్టం. అర్జున్ రావు నాలుగు రోజులు ఏడ్చి, ఐదో రోజు నుంచి కాలువలో పడ్డ కారు కథ చెప్పుకుంటాడు. అది శిక్ష కాదు, ఆయనకు ఇంకో కథ ఇచ్చినట్టు. బండి వెనక్కి తిప్పింది.

ఆయన శిక్షకు దారి ఆయనే చూపించాడు.

అప్పటికే అర్జున్ రావు రోజూ సాయంత్రం కొట్టు ముందు కుర్చీ వేయించుకుని దోస్తులకు కారు చూపిస్తున్నాడు. "నేనే దగ్గరుండి చేయించిన. సామాన్లన్ని ఫ్రాన్సు నుంచి తెప్పిచ్చిన," అంటున్నాడు. ఎవరో యూట్యూబు చానెలు వాళ్లు వస్తే కొత్త లాల్చీ తొడుక్కుని కారు మీద చేయి వేసి అరగంట మాట్లాడాడు. ఆ వీడియోలో ఇందిర ఒక్కసారే కనిపిస్తుంది, వెనక నుంచి చాయ్ పళ్లెం పట్టుకుని వస్తూ. సంజన ఫోను చేసి మండిపడింది. "నువ్వెందుకు ఊకున్నవమ్మా?" "మీదికి ఎక్కనీ బిడ్డా," అంది ఇందిర. "ఇంకింత ఎక్కనీ."

ఆయన అన్న కొడుకు మహేందర్ పెళ్లి కుదిరింది. జగిత్యాలలో ఫంక్షన్ హాలు, కరీంనగర్ సంబంధం. పెళ్లి మాటలప్పుడు అర్జున్ రావు ఆడపెళ్లివారి ముందు ఛాతీ మీద చేయి వేసుకున్నాడు. "ఎదుర్కోళ్లకు మా పిలగాడు మా నాయిన కార్ల దిగుతడు. జగిత్యాలంత నిలవడి జూస్తది." పెళ్లి వీడియో కార్డు మీద కూడా కారు బొమ్మ వేయించాడు. ఇందిరను ఒక్క మాట అడగలేదు. అడగాలని తోచనూ లేదు.

మహేందర్ మాత్రం వచ్చి అడిగాడు. మంచి పిల్లవాడు, చిన్నప్పుడు సెలవులన్నీ ఈ ఇంట్లోనే గడిపాడు. "చిన్నమ్మా, కారు నువ్వు జేసుకున్నవని నాకెర్కే. నిజంగ ఇస్తవా?"

ఇందిర ఒక్క క్షణం తడబడింది. ఇక్కడ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. "మాటిచ్చింది మీ చిన్నాయన గద బిడ్డా, ఆయన్నే అడుగు," అంది. పిల్లవాడు దాన్ని అవును అనుకుని నవ్వుకుంటూ వెళ్లాడు.

పెళ్లికి ముందు రోజు అందరూ జగిత్యాలకు పోయారు. పొద్దున వస్తానని ఇందిర ఇంట్లోనే ఆగింది. తెల్లవారాక నీళ్లు పోసుకుని, పట్టుచీర కట్టుకుని, పెరుగన్నం మూట కట్టుకుని కారు బయటికి తీసింది. జగిత్యాల రోడ్డు ఎక్కలేదు. కథలాపూర్ రోడ్డు ఎక్కింది.

అర్జున్ రావు పూల అలంకరణ వాళ్లను, మహేందర్ దోస్తులను వెంటేసుకుని కోరుట్లకు వచ్చి చూసేసరికి కొట్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఖాళీ. ఫోన్ చేశాడు. రుద్రంగి దాటాక చెట్టు నీడన బండి ఆపి ఇందిర ఫోన్ ఎత్తింది.

"కారేది?"

"నాతోని ఉన్నది."

"యాడున్నవ్?"

"రుద్రంగి దాటిన. మా నాయిన కాడికి పోతున్న."

"మీ నాయిన సచ్చి ఎన్నేండ్లాయె! పిచ్చి లేసిందా నీకు?"

"గా దినం పోనియ్యలే గద మీరు. గిప్పుడు పోతున్న."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. చుట్టూ మనుషులున్నట్టున్నారు, గొంతు తగ్గించాడు. "ఇందిరా, మర్యాద వోతది. ఆడపిల్లోల్లు ఎదురుజూస్తున్నరు. దండం పెడ్త, వాపస్ రా."

"పెండ్లిల పటాకులు పేలుస్తరు. అద్దం పలిగితే మల్ల యాడ దొర్కుతది?"

ఫోన్ పెట్టేసింది. గేరు సరిగ్గానే పడింది.

వేములవాడ దాటింది, సిరిసిల్ల దాటింది. సిరిసిల్ల చౌరస్తాలో జనం ఆగి చూశారు. ఎవరో కుర్రవాళ్లు ఫోను తీశారు. పట్టుచీరలో ఒక నడివయసు ఆడమనిషి ఆ నల్ల కారును తోలుకుంటూ పోతుంటే ఎవరు చూడరు? ఎల్లంతకుంట వాగొడ్డున, అప్పుడు బూడిద ఉన్న చోటికి దగ్గరగా కారు ఆపి దిగింది. ఇప్పుడక్కడ తుమ్మచెట్లు మొలిచాయి. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు, ఆకలి వేసింది. కారు మెట్టు మీద కూర్చుని పెరుగన్నం తింది. ఆ పూట ఆమెకు బాధ కలిగిందని చెబితే అబద్ధం. కోరుట్లలో మొగుడు పూలవాళ్ల ముందు నిలబడ్డ తీరును తలుచుకుంది. ఫంక్షన్ హాలు గేటు ముందు వియ్యంకులకు ఏం చెబుతున్నాడో ఊహించుకుంది. అన్నం తియ్యగా ఉంది.

అప్పుడు మళ్లీ ఫోన్ మోగింది. మహేందర్.

"చిన్నమ్మా," అన్నాడు. వెనక డప్పుల మోత. "కారు లేకుంటే లేకపాయె. వేరేది మాట్లాడిండ్రు. నువ్వు రాకుంటే ఎట్ల? తలంబ్రాలకన్న అందుకో."

ఇందిర వస్తానని అనబోయింది. ఆ కారులో ఆ గేటు ముందు దిగడం ఎట్లా? దిగితే మొగుడి పరువు నిలబెట్టినట్టు. "నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా," అని మాత్రం అంది. తినగా మిగిలిన అన్నం వాగులో కలిపేసింది.

మర్నాడు సాయంత్రం అర్జున్ రావు ఇంటికి వచ్చాడు. ఒక్కరోజులో మనిషి వాడిపోయాడు. అన్న నలుగురిలో తిట్టాడట. ఆడపెళ్లివారిలో ఎవరో "ఏమాయె మీ నాయిన కారు?" అని అందరూ వినేలా అడిగి నవ్వారట. వరండాలో కూర్చుని అడిగాడు.

"నేనేం జేసిన నీకు?"

ఇందిర చెప్పింది. బంద్ రోజు, ఫోన్, కాళ్లు పట్టుకోవడం, తాళంచెవి, క్లబ్బు. గొంతు పెంచకుండా, ఒకటొకటిగా. అర్జున్ రావు నుదురు ముడేసి విన్నాడు. ఆయన మొహంలో ఆమె వెతికింది దొరకలేదు. తప్పు చేసి దొరికినవాడి భయం అక్కడ లేదు. ఎవరిదో కథ వింటున్నట్టున్నాడు.

"బంద్ ఉండె గద మరి," అన్నాడు చివరికి.

"సాయంత్రం క్లబ్బుకు ఎట్ల వోయిండ్రు?"

"వోయిన్నా?" నిజంగానే అడిగాడు. "నాకు యాదికి లేదు ఇందిరా."

ఆ మాటకు ఆమె సిద్ధంగా లేదు. ఇన్నేళ్లు తను మోసిన బరువు ఆయన భుజం మీద ఒక్క పూట కూడా లేదన్నమాట. కోపం తగ్గకపోగా కొత్తగా రాజుకుంది. "మీకు లేదు. నాకున్నది. ఇగ మీకు సుత ఉంటది," అంది.

ఆయన గోడ వైపు తిరిగాడు. "గిన్నేండ్లు గింత కడుపుల వెట్టుకోని అన్నమెట్ల పెట్టినవే నాకు?"

"అన్నం వేరే. గిది వేరే," అని లేచి వెళ్లింది.

ఆ తర్వాత అర్జున్ రావు కొట్టు ముందు కుర్చీ వేయించుకోలేదు. దోస్తులు రావడం తగ్గింది. వచ్చినా ధాన్యం ధరలు మాట్లాడి పోతున్నారు. అన్నదమ్ములకు మాటల్లేవు. మహేందర్ పండుగ పూట భార్యను తీసుకుని ఒక్కసారి వచ్చాడు. కాళ్లకు మొక్కాడు, నీళ్లు తాగాడు, కొట్టు వైపు చూడకుండా వెళ్లాడు. అంతకుముందు వస్తే వంటింట్లోకి జొరబడి గిన్నెల మూతలు తీసి చూసేవాడు. ఇందిరకు ఆ ఒక్కటే నొప్పి. తోటికోడలికి ఫోన్ చేసి తప్పైందని చెప్పింది. అవతలి మనిషి సగంలోనే పెట్టేసింది. మొగుడి విషయంలో మాత్రం ఆమె ఎవరికీ తప్పైందని చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు.

మొన్న అర్జున్ రావుకు కంటి ఆపరేషను. జగిత్యాలకు పోవాలి. గుమ్మం దగ్గర నిలబడి, ఎటో చూస్తూ, "గందుట్లనే పోదామా?" అని మెల్లగా అడిగాడు. ఎందులోనో పేరు పెట్టలేదు. ఇందిర కొత్త కారుకు డ్రైవరును పిలిచింది. వెనక సీట్లో ఆయన పక్కనే కూర్చుని పోయింది, దవాఖానలో చేయి పట్టుకుని నడిపించింది, కంట్లో చుక్కలు వేళకు తనే వేసింది.

ఈ మధ్య సిత్రాన్ రెండో గేరు పళ్లు పట్టక గరగరమంటోంది. ఆదివారం మహిపాల్ సిరిసిల్ల నుంచి కొత్త బుష్ తిప్పి తెచ్చాడు. ఇద్దరూ గేరుడబ్బా విప్పి కూర్చున్నారు. వరండాలో అర్జున్ రావు నల్లద్దాలు పెట్టుకుని ఇటువైపే మొహం పెట్టి ఉన్నాడు.

"సారును ఒక్కపారి కూసోవెట్టుకోని తిప్పుకరారాదు అమ్మా," అన్నాడు మహిపాల్ గొంతు తగ్గించి. "పాపం, పానమంత దాని మీదనే ఉన్నది."

ఇందిర బుష్‌ను వెలుతురుకు పట్టి చూసింది. లోపలి అంచు వేలితో తడిమింది.

"ఇంక మనసొస్తలేదు మహిపాల్," అంది. "గిది జెర గరుకున్నది. సన్న ఉప్పుకాయితంతోని రుద్దు."